మిద్దె మీద పెట్టె ఖాళీ అయింది. మళ్ళీ తేనెటీగల్ని తెచ్చుకోనా, వద్దా?

మిద్దెమందారం (హొరమావు, బెంగళూరు):

నమస్కారమండీ. మాది మదనపల్లె వైపు. 11 ఏళ్ళుగా బెంగళూరులోనే ఉంటున్నాం. కింద ఓనరు వాళ్ళు, పైన మేము, మా నెత్తిన మిద్దె. ఆ మిద్దె మీద కుండీల్లో నాలుగు కూరగాయలు, మందారాలు పెంచుకుంటాను. కిందటి ఏడాది జనవరిలో వాటి మధ్య ఒక తేనెటీగల పెట్టె కూడా పెట్టాను. మొన్న ఆగస్టు రెండో ఆదివారం మూత తీసి చూస్తే ఒక్క ఈగ లేదు. చచ్చినవి కూడా లేవు. ఎక్కడ తప్పు జరిగిందో తెలియకుండా మళ్ళీ డబ్బులు పెట్టబుద్ధి కావడం లేదు. అందుకే మొత్తం రాస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

ఇక్కడివాళ్ళు తుడువె జేను అంటారు ఈ రకాన్ని. మన వైపు పుట్టల్లో, చెట్టు తొర్రల్లో ఉంటాయే, అవే. కనకపుర వైపు పెంచే ఒకాయన దగ్గర పెట్టె, స్టాండు, అయిదు ఫ్రేముల (పట్టు కట్టే చెక్క చట్రాల) ఈగలు కలిపి 5,500 రూపాయలకు తెచ్చాం. చీకటి పడితే ఈగలన్నీ లోపలికి చేరతాయి కాబట్టి అప్పుడు ద్వారానికి జల్లెడ కొట్టి ఇచ్చాడు. కారు వెనక సీట్లో పెట్టుకుని బయలుదేరితే సిల్క్ బోర్డు కూడలి దగ్గర ఎప్పటిలాగే ట్రాఫిక్‌లో ఆగిపోయాం. అద్దాలు దించితే దుమ్ము, ఎక్కిస్తే వెనక మిక్సీ తిరుగుతున్నట్టు రొద. మా ఆయన స్టీరింగు వదలకుండా "ఆ జల్లెడ గట్టిగానే కొట్టాడా?" అని నాలుగుసార్లు అడిగారు.

ఓనరమ్మను ముందే అడిగాను. "జేను బందరె ఒళ్ళేదు" (తేనెటీగలు వస్తే మంచిదే) అంది ఆవిడ. మొదటి సీసా మీకే అని మాటిచ్చాను.

ఆ మొదటి మూడు నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. పొద్దున ఏడింటికి కాఫీ గ్లాసు పట్టుకుని పెట్టె పక్కన కూర్చునేదాన్ని. కాళ్ళకు పుప్పొడి ముద్దలు అంటించుకుని దిగుతాయి. ఒకరోజు నిమ్మపండు పసుపు, ఇంకోరోజు ఇటుక రంగు. ఏది ఏ చెట్టుదో కనుక్కోవడం నాకొక పిచ్చి అయిపోయింది. మార్చి చివర మా వీధిలో కానుగలు పూశాక రాత్రిపూట పెట్టె దగ్గరికి పోతే చాలు, లోపల వేల రెక్కలు విసురుతుంటే వెచ్చటి తీపి వాసన బయటికి కొట్టేది. పూల నుంచి తెచ్చిన పలచటి రసాన్ని అలా విసిరి విసిరే చిక్కబరుస్తాయట. నిజం చెప్పాలంటే ఆ వాసన కోసమే మళ్ళీ పెంచాలని ఉంది, తేనె కోసం కాదు. అన్నట్టు, పొద్దున్నే లేచి గుమ్మడికి మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రాసే పని కూడా ఆ ఏడాది తప్పింది.

ఆ ఏప్రిల్‌లో రెండుసార్లు తీస్తే రెండున్నర కిలోలు వచ్చింది. ఊరికి పంపిన సీసా చలికాలంలో గడ్డకట్టింది. "పంచదార పాకం కలిపావా?" అని ఫోన్ చేసింది మా పెద్దమ్మ. అసలు తేనే గడ్డకడుతుందని ఆవిడకు నచ్చజెప్పలేక సరే అనేశాను.

కష్టాలూ తక్కువేం కాదు. మొదటి కుట్టు సరిగ్గా కంటి కింద పడింది. మర్నాడు మా అమ్మాయి బడిలో పేరెంట్స్ మీటింగు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయిన మొహంతో వెళ్ళాను. టీచరు మార్కుల సంగతి నాకు చెబుతూ మధ్యమధ్యలో మా ఆయన్ని అదోలా చూసింది. తేనెటీగ అని ఎంత చెప్పినా నమ్మినట్టు లేదు.

పక్కింటాయనది తెల్ల కారు. దాని నిండా ఆవగింజంత పసుపు చుక్కలు. ఈగలు గూట్లో మైల చెయ్యవు, బయట ఎగిరేటప్పుడే కానిస్తాయి. ఎండిపోతే గోటితో గీకినా ఊడవు. ఆయన మూడుసార్లు వచ్చి మర్యాదగానే చెప్పారు. నాలుగోసారి కారు కడిగించిన బిల్లు తెచ్చారు. ఇచ్చేశాను. ఎండాకాలంలో ఈగలు వీధి చివర చెరుకురసం బండి మీద పడ్డాయి. వెడల్పు పళ్ళెంలో గులకరాళ్ళు పోసి నీళ్ళు పెడితే ఆరేసిన బట్టల మీద వాలడం తగ్గింది గానీ చెరుకురసం మాత్రం మానలేదు. ఆ బండి దగ్గర నేను ఇప్పటికీ తలొంచుకునే పోతాను.

ఈ ఫిబ్రవరిలో సగం ఈగలు పాత రాణితో లేచిపోయి ఎదురింటి మునగచెట్టుకు గుత్తిలా వేలాడాయి. నేను అట్టపెట్టె, దుప్పటి పట్టుకుని కింద నిలబడ్డాను. అందలేదు. నిచ్చెన లేదు. రెండు గంటలయ్యాక నా కళ్ళముందే లేచి పోయాయి. పెట్టెలో మిగిలినవి కొత్త రాణిని చేసుకుని బాగానే కోలుకున్నాయి. ఈ ఏడాది మొత్తం నాలుగున్నర కిలోల తేనె ఇచ్చాయి. చివర్లో పట్టిన వాటిలో రెండు సీసాలు నురగ కట్టి, మూత పైకి లేచి, పులిసిన వాసన వచ్చాయి. అది వేరే సంగతి.

జులై అంతా ముసురు. రాకపోకలు తగ్గాయి. ఏమైందోనన్న టెన్షన్‌తో ప్రతి ఆదివారం, ఒక్కోసారి వారం మధ్యలో కూడా మూత తీసి చూశాను. ఆగస్టు మొదట్లో పది రోజులు ఊరెళ్ళాం. వచ్చి చూస్తే ఇదీ కథ. పట్టుల నిండా బూజులాంటి దారాలు, తెల్లటి మైనపు పురుగులు, నల్లటి రవ్వ. తేనె చుక్క లేదు.

మా అత్తమ్మ "ఉన్న పట్టు వదిలిపోతే మంచిది కాదు" అని శాంతి చేయిస్తానంటున్నారు. మా ఆయన అయిదున్నర వేలకు ఎన్ని సీసాల తేనె వచ్చేదో లెక్క చెబుతున్నారు. మీరు చెప్పండి. ఆ మైనపు పురుగే వాటిని తరిమిందా? పెట్టె మళ్ళీ పనికొస్తుందా? జనవరిలో మళ్ళీ తెచ్చుకోవచ్చా?

ఎనిమిదో అంతస్తు (మారతహళ్ళి):

మీ బాధ అర్థమైంది కానీ ఇంకో పక్క కూడా వినండి. మా అపార్ట్‌మెంటు సజ్జ కింద రెండేళ్ళుగా పెద్ద పట్టు పెడుతున్నాయి. రాత్రి బాల్కనీలో లైటు వేస్తే లోపలికి వచ్చేస్తాయి. మా నాలుగేళ్ళ బాబును రెండు కుట్టాయి, ఆ రాత్రంతా నిద్ర లేదు. అసోసియేషన్ వాళ్ళు మందు కొట్టించారు. మర్నాడు పార్కింగులో చీపురుతో ఊడ్చి పోసినన్ని చచ్చిన ఈగలు. అదీ చూడలేకపోయాను. ఈ ఏడాది అదే చోటికి మళ్ళీ వచ్చాయి. తమంతట తాము వచ్చేవాటితోనే ఇంత అవస్థ పడుతుంటే, డబ్బులిచ్చి తెచ్చుకోవడం ఎందుకండీ? పక్కవాళ్ళలో ఎవరికైనా పడకపోతే బాధ్యత ఎవరిది?

పాత మిద్దె (విద్యారణ్యపుర):

ముందు ఎనిమిదో అంతస్తు గారికి. మీ దగ్గరికి వచ్చేవి వేరే జాతి. కన్నడంలో హెజ్జేను, మన కొండతేనె ఈగలు. ఆరుబయట ఒకటే పెద్ద పట్టు పెడతాయి, పెట్టెలో ఉండవు, వెన్నెల రాత్రుల్లో మేతకు కూడా తిరుగుతాయి. అందుకే మీ లైటుకు వస్తున్నాయి. ఆ నెలల్లో బాల్కనీ లైటు ఆర్పేసి పరదా వేసుకోండి. వానలు ముదిరేలోపు అవే పోతాయి. వాటి జోలికి పోయారో, వందల్లో వెంటపడతాయి. ఈవిడ పెంచినవి అంత కోపిష్టివి కావు.

అయినా మీరడిగిన ప్రశ్న న్యాయమైనది. తేనెటీగ కుట్టు పడనివాళ్ళకు ఒక్కటి చాలు. కుట్టినచోట వాపు మామూలే. ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం, కళ్ళు తిరగడం, వీటిలో ఏది కనిపించినా సున్నం, పసుపు అంటూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. నేను పెట్టె పెట్టేముందు చుట్టూ ఆరిళ్ళకు వెళ్ళి అడిగాను. ఒకింట్లో అమ్మాయికి పడదన్నారు. అందుకని మిద్దెకు ఆ వైపు కాకుండా రైలు కట్ట వైపు ద్వారం తిప్పి, ముందు ఆరడుగుల తడిక కట్టాను. తడిక ఉంటే ఈగలు మనుషుల తలల మీదుగా పైకి లేచి పోతాయి.

ఇక మిద్దెమందారం అమ్మా, నాది హిందూపురం. రిటైరయ్యాక పట్టిన పిచ్చి ఇది, ఇప్పటికి తొమ్మిదేళ్ళు. మొదటి రెండేళ్ళలో నా పెట్టె మూడుసార్లు ఖాళీ అయింది. కాబట్టి నీకు చీవాట్లు పెట్టే అర్హత నాకు లేదు. కానీ నీ ఉత్తరంలో ఒక ముక్క రాసి, దాన్ని చటుక్కున దాటేశావు.

మైనపు పురుగు తరమలేదు. బలమైన గూట్లో దాని ఆటలు సాగవు, ఈగలే గుడ్లను ఏరి పారేస్తాయి. ఈగలు పలచబడి, పట్టులను కప్పి కాపలా కాయలేనప్పుడే ఆ పురుగును కనే సీతాకోకలాంటి రెక్కల పురుగు లోపలికి దూరి గుడ్లు పెడుతుంది. ఇల్లు ఖాళీ అయ్యాక పందికొక్కులు చేరినట్టు. నువ్వు ఊరికి వెళ్ళిన పది రోజుల్లో అది పండగ చేసుకుంది.

జబ్బా అంటే, అదీ అనిపించడం లేదు. పట్టు గదుల్లో చచ్చిన పిల్లలు తల పైకెత్తి పడవ ఆకారంలో పడుకుని ఉంటే, పుల్లతో లాగితే నీళ్ళ సంచిలా వస్తే, అది శాక్‌బ్రూడ్. 1991-92 లో ఆ వైరస్ దక్షిణాదికి వచ్చినప్పుడు కొడగు వైపు పెట్టెలు వరసపెట్టి ఖాళీ అయ్యాయి. నువ్వు ఆదివారం ఆదివారం చూశావు గదా, అలాంటిదేమీ రాయలేదు.

మిగిలింది ఆకలి. నురగ కట్టిన సీసాలు "వేరే సంగతి" కాదమ్మా, అసలు సంగతి అదే. తేనె పండితే ఈగలు ఒక్కో గదికి మైనంతో మూత వేస్తాయి. మూత పడని తేనెలో నీళ్ళెక్కువ, అది పులుస్తుంది. కాబట్టి నువ్వు పండని తేనె తీశావు. మార్చి, ఏప్రిల్‌లో తీసింది గట్టిగానే ఉండుంటుంది. పులిసింది ఎప్పుడు తీశావు? నా అంచనా జూన్. బెంగళూరులో కానుగ, పచ్చతురాయి, చింత పూతలు అయిపోయాక వీటికి మళ్ళీ గట్టి మేత దొరికేది చలికాలం మొదట్లోనే, ఊరి బయట అనప చేలు పూసినప్పుడు. మధ్యలో నాలుగు నెలలు ముసురు. పూలున్నా ఎగరలేవు. ఆ నాలుగు నెలలకు దాచుకున్న గింజలు నువ్వు తీసిన ఆ తేనె.

ఈ జాతికి ఒక గుణం ఉంది. తిండి తగ్గితే, మనుషులు మాటిమాటికి కదిలిస్తే, మూడు నాలుగు వారాల ముందే నిర్ణయించుకుంటాయి. రాణి గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. ఉన్న పిల్లలు ఈగలై బయటికొచ్చేదాకా ఆగుతాయి. మిగిలిన తేనె కడుపులో నింపుకుని అందరూ కలిసి లేచిపోతాయి. అందుకే నీకు చచ్చిన ఈగ ఒక్కటీ కనిపించలేదు. జులైలో మూత తీసినప్పుడు గదుల అడుగున బియ్యపు నూకలాంటి గుడ్లు ఉన్నాయా? అది చెప్పు. జూన్‌లో పెట్టెలో తేనె నిల్వ ఉండే పై గది ఫ్రేములే తీశావా, పిల్లలు పెరిగే కింది గదిని కూడా ముట్టుకున్నావా? అదీ చెప్పు.

మిద్దెమందారం:

చిన్నాయనా, మీరు పోలీసు శాఖలో గానీ చేశారా?

జూన్ మూడో వారం. మదనపల్లెలో మా అన్నావాళ్ళ గృహప్రవేశం. వదిన అందరి ముందు "మా ఆడబిడ్డ సొంతంగా పెంచిన తేనె తెస్తుంది" అనేసింది. వచ్చినవాళ్ళకు తలా ఒక చిన్న సీసా ఇవ్వాలని 20 సీసాలు కొని పెట్టుకున్నాను. పై గదిలో ఉన్నదంతా తీశాను, సగం మూత పడలేదు. అప్పటికీ ఆరు సీసాలు తక్కువయ్యాయి. కింది గదిలో ఫ్రేముల పైభాగాన వంపుగా తేనె ఉంటుంది చూడండి, అది కూడా చాకుతో కోసి తీశాను. రెండు ఫ్రేముల్లోనే. రాసేటప్పుడు సిగ్గేసి వదిలేశాను.

గుడ్ల సంగతి. జులై మొదట్లో ఉన్నాయి. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని వెతికినా కనిపించలేదు. వెలుతురు చాలక అనుకున్నాను. ఒకసారి చక్కెర పాకం ఇచ్చాను, పగలే, పెట్టె బయట గిన్నెలో. ఎక్కడెక్కడి ఈగలో వచ్చి ఒకటే పోట్లాట. చీమలు సరేసరి. ఇక ఇవ్వలేదు.

పులిసిన ఆ రెండు సీసాలు మా వదిన వాళ్ళకే పోయాయి. ఇంతవరకూ ఏమీ అనలేదు. పాయసంలో వేసేసి ఉంటుంది.

రాగిసంగటి (జేపీ నగర):

అక్కా, అంత కష్టమెందుకు? కుట్టని ఈగలు పెట్టుకోండి. ఇక్కడ మిసరి జేను అంటారు. దోమంత ఉంటాయి, నల్లగా. మా ఇంటి మీటరు బోర్డు వెనక సందులో వాటంతట అవే ఉన్నాయి. బంక గొట్టంలా చిన్న ద్వారం కట్టుకుంటాయి. చెక్కపెట్టెలోకి మార్చి కుండీల మధ్య పెట్టాను. ఏడాదికి తేనె ఒక టీ గ్లాసుడు కూడా రాదు, పుల్లగా ఉంటుంది. కానీ పొద్దున కాఫీ తాగుతూ చూడ్డానికి ఏ ఈగైతే ఏం? గుమ్మడికి మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి, నా గుమ్మడి పిందెలు ఇప్పటికీ రాలిపోతున్నాయి.

పాత మిద్దె:

రెండు ఫ్రేములు కోశానంటున్నావు, అది వాళ్ళ బియ్యం డబ్బా తల్లీ. పై గది మనది, కింది గది వాళ్ళది. ఒక్క చుక్క కూడా ముట్టకూడదు. పై గదిలో కూడా ఫ్రేములో ముప్పాతిక భాగం మూత పడితేనే తియ్యాలి. మే దాటాక నేనైతే పై గదిని కూడా వదిలేస్తాను, వదిన కాదు గదా వియ్యపురాలు అడిగినా సరే.

పాకం తప్పు కాదు, ఇచ్చిన తీరు తప్పు. చక్కెర, నీళ్ళు సమానంగా కలిపి చల్లార్చి, చీకటి పడ్డాక, పెట్టె లోపలే పెట్టాలి. ఒక చిన్న సీసా మూతకు నాలుగు చిల్లులు పొడిచి ఫ్రేముల మీద బోర్లిస్తే చాలు. బయట ఒక్క బొట్టు పడకూడదు. వానాకాలంలో వారానికోసారి. అప్పుడు కూడా పట్టులు బయటికి లాగకుండా, పెట్టెను ఒక పక్కన కాస్త ఎత్తి బరువు చూసుకుంటే లోపల సరుకుందో లేదో తెలిసిపోతుంది. ద్వారం దగ్గర పుప్పొడి వస్తోందా చూడు, వస్తుంటే లోపల పిల్లలున్నట్టే. నీ కాఫీ గ్లాసు మంచి పరికరం, మూత తీసే చెయ్యి కాదు.

పెట్టె పారెయ్యకు. పురుగు పట్టిన పట్టులన్నీ కోసి వేడినీళ్ళలో కరిగించు, మైనం తేలుతుంది, వడగట్టి దాచు. చెక్కను గీకి, మూలల్లో దారాలు లేకుండా చేసి, మంట సెగ చూపించి, నాలుగు రోజులు ఎండలో పెట్టు. నీది కనకపుర వైపు పెట్టె అంటే న్యూటన్ కొలతదే అయ్యుంటుంది. వందేళ్ళ కిందట తిరుచ్చి కాలేజీలో ఉన్న న్యూటన్ అనే ఫాదరీ మన చిన్న ఈగకు సరిపోయేలా చేసిన పెట్టె అది. దానికి ఫ్రేములు సులువుగానే దొరుకుతాయి.

జనవరిలో కొనొద్దు. ఆ దాచిన మైనం లోపలి గోడలకు, ఫ్రేముల కింద పట్టీలకు రుద్ది, ఖాళీ పెట్టెను నీడపట్టున ఎత్తులో పెట్టు. ఫిబ్రవరి, మార్చిలో గూళ్ళు చీలి కొత్త ఇళ్ళు వెతుక్కుంటాయి. మైనం వాసనకు గూఢచారి ఈగలు నాలుగైదు ముందుగా వచ్చి లోపలా బయటా కొలుచుకుంటాయి. నచ్చితే గుంపు దిగుతుంది. నాకు ఉన్న మూడు పెట్టెల్లో రెండు అలా వచ్చినవే, రూపాయి ఖర్చు లేదు. రాకపోతే అప్పుడు చూద్దాం. ఈలోపు హెబ్బాళ దాటాక ఉన్న జీకేవీకేలో (వ్యవసాయ విశ్వవిద్యాలయంలో) తేనెటీగల విభాగానికి ఒకసారి వెళ్ళు, శిక్షణ ఇస్తారు. నవంబరు కృషిమేళాకు వెళ్ళినా వాళ్ళు కనిపిస్తారు.

ఒకవేళ గుంపు మళ్ళీ మునగచెట్టుకే దిగిందనుకో, దుప్పటితో లాభం లేదు. ముందు నిచ్చెన చూసుకో.

మిద్దెమందారం:

ఇప్పుడే కిందికెళ్ళి ఓనరమ్మను అడిగాను. వాళ్ళ స్టోరు రూములో 12 అడుగుల అల్యూమినియం నిచ్చెన ఉందట, ఎప్పటినుంచో. ఫిబ్రవరిలో నేను చెట్టు కింద నిలబడ్డప్పుడు ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది. "నీవు కేళలిల్వల్ల" (మీరు అడగలేదుగా) అంది.